మంచుగడ్డ చెప్పిన సాక్ష్యము



సత్యమును ప్రేమించుచున్నామని చెప్పుకొనుట సులభము. మనము నలుగురిలో గట్టిగా చెప్పిన మాట తప్పని తేలినప్పుడు, ఆ తప్పును చూపినవారు మనకంటె చిన్నవారైనప్పుడు, ఆ ప్రేమ యెంతటిదో బయటపడును. ఈ దినమున నేను మీయెదుట చేయదలచిన ప్రసంగము మంచుగడ్డను గూర్చినది. ధర్మప్రసంగమునకు మంచుగడ్డ యేమి విషయమని మీలో కొందఱు నవ్వవచ్చును. నవ్వినను వినవలెనని ప్రార్థించుచున్నాను. ఏలయన నాకు బుద్ధి చెప్పిన గురువులలో నదియు నొకటి.

గడచిన వేసవిలో నొకనాటి మధ్యాహ్నము మా యింటికి వచ్చిన బంధువులకొఱకు షర్బతు కలుపుచుండిరి. వెడల్పయిన గిన్నెలో నీటిపై మంచుముక్కలు తేలుచుండెను. పదునొకండేండ్ల నా కొమార్తె గిన్నెచెంత కూర్చుండి చూచుచుండగా, రెండు ముక్కలు మెల్లగా తేలివచ్చి యొకదానినొకటి తాకి యతుకుకొన్నవి. ఆమె వానిని వేలితో కదలించి చూచి, “నాన్నగారూ! ఇవి రెండును కరగుచున్నవి గదా, కరగుచున్నవి యెట్లతుకుకొన్నవి?” అని యడిగినది. కళాశాలలో చదివిన పాఠము నాకు వెంటనే నోటికి వచ్చెను. మంచును గట్టిగా నొత్తినయెడల నొత్తిన చోట కొంచెము కరగుననియు, ఒత్తిడి తొలగినతోడనే యా నీరు మఱల గడ్డకట్టి ముక్కలను కలుపుననియు చెప్పితిని. ఆమె గిన్నెవైపు చూచి, “వీనిని ఎవరును ఒత్తలేదే!” అన్నది. బంధువులు నవ్విరి. “పెద్దలు చెప్పినప్పుడు వినవలెను గాని యెదురుప్రశ్నలు వేయరాదు” అని నేను కసరితిని. ఆమె మాఱుమాటాడక లేచి లోపలికి పోయినది.

ఇరువదియేండ్లుగా న్యాయస్థానములలో సాక్షులకు ఎదురుప్రశ్నలు వేసి జీవనము చేయుచున్నవాడను నేను. ఆ పిల్ల వేసిన ప్రశ్న యేదైన నొక వ్యాజ్యములో నా కనిష్ఠుడు వేసియుండినచో వానిని మెచ్చుకొనియుందును. నా యింటిలో మాత్రము దానిని నోరుమూయించితిని. ఆ రాత్రి నిద్రపట్టక గ్రంథములు తెఱచితిని. వానిలో నాకు దొరికినది మీకు నివేదించుచున్నాను.

ఆ బాలిక యడిగిన ప్రశ్ననే 1850వ సంవత్సరమున లండను నగరమందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో మైకేల్ ఫారడే పండితుడు సభవారియెదుట నుంచెను. ఆయన కళాశాల మెట్లెక్కినవాడు కాడు. బాల్యమున పుస్తకములు కుట్టువాని యొద్ద పని నేర్చుకొన్నవాడు. కరగుచున్న రెండు మంచుముక్కలు తాకినంతమాత్రమున నతుకుకొనుటను చూపి, ఆయన యిట్లూహించెను: గట్టి మంచుగడ్డపైనను పలుచని నీటిపొర యొకటి యెల్లప్పుడు నుండును, ఆ పొరకు ఒకవైపున మాత్రమే మంచు, రెండవవైపున గాలి, రెండు గడ్డలు తాకినప్పుడు ఆ పొరకు ఇరుప్రక్కలను మంచే యగును, అప్పుడది ద్రవరూపమున నిలువలేక గడ్డకట్టి రెంటిని నొకటిగా చేయును.

దీనికి ప్రతివాదము బలమైనది. జేమ్స్ థామ్సన్ అను విద్వాంసుడు ఒత్తిడివలన మంచు కరగు ఉష్ణత తగ్గునని 1849లో గణితముచేత చూపెను. ఆయన సోదరుడైన విలియం థామ్సన్, తరువాతి కాలమున కెల్విన్ ప్రభువని ప్రసిద్ధుడైనవాడు, దానిని మఱుసటి సంవత్సరమే ప్రయోగముచేత స్థిరపఱచెను. నియమము సత్యము, నేటికిని సత్యమే. అయితే దాని పరిమాణము గమనింపుడు. వాయుమండలపు ఒత్తిడికి సమానమైన ఒత్తిడిని అదనముగా చేర్చినను, కరగు ఉష్ణత తగ్గునది డిగ్రీలో సుమారు 130వ వంతు మాత్రమే. నీటిపై తేలు వస్తువులు తమంత నొకదానినొకటి ఆకర్షించి యొత్తుకొనునని థామ్సన్ పక్షమువారు వాదింపగా, ఫారడే ముక్కలను పూర్తిగా నీటిలో ముంచి దారములతో కట్టి, ఒత్తిడికి తావులేకుండ మెల్లగా తాకించి చూచెను. అప్పుడును అవి యతుకుకొన్నవి. ఆ ఫలితములను 1860లో ప్రకటించెను.

అయినను లోకము ఫారడే మాటను ప్రక్కకు పెట్టినది. ఒత్తిడి సిద్ధాంతమునకు గణితపు అండ యుండెను. ఫారడే చెప్పిన పొరను కన్నుతో చూచినవారు లేరు. 1886లో జాలీ అను నాతడు, మంచుపై ఇనుపచట్టముల పాదరక్షలతో జాఱువారికిని ఒత్తిడియే కారణమని చెప్పగా, అది పాఠ్యపుస్తకముల కెక్కెను. మనుష్యుని బరువంతయు సన్నని చట్టముపై పడినను కరగు ఉష్ణత కొద్ది డిగ్రీలకంటె తగ్గదు. సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలోను జనులు జాఱుచునే యున్నారు. వెడల్పయిన కఱ్ఱపలకలు కాళ్ళకు కట్టుకొని కొండవాలులపై జాఱువారి యొత్తిడి యింకను తక్కువ. 1939లో బౌడెన్, హ్యూజ్ అనువారు ఒరపిడివలన పుట్టు వేడి ముఖ్యకారణమని ప్రయోగములతో చూపిరి. ఇట్లున్నను ఒత్తిడి పాఠము నా కళాశాల దినములవరకును, నా నోటినుండి నా బిడ్డ చెవివరకును వచ్చినది. నిజమైన దస్తావేజునే తనకు సంబంధములేని దావాలో దాఖలు చేసినయెడల తీర్పు తప్పగును. ఇక్కడ జరిగినదియు నదియే.

ఫారడే సాక్ష్యమును మఱల పిలిచినవారిలో జపానుదేశపు ఉకిచిరో నకాయా ముఖ్యుడు. ఆయనయు సహకారి యొకరును 1954లో రెండు చిన్న మంచుగోళములను దారములతో వ్రేలాడదీసి తాకించి, పిమ్మట మెల్లగా ఎడమగా లాగిరి. అవి గట్టిగా అతుకుకొన్న రాళ్ళవలె విఱిగి విడిపోలేదు. తాకినచోట కొంచెము దొర్లి తరువాత విడిపోయెను. గోళములనడుమ కదలుటకు వీలైన మెత్తని పొర యుండుటచేతనే యట్లు దొర్లినవని వారు తేల్చిరి. ఇది మంచునకు మాత్రమే కలిగిన గుణమును గాదు. సీసపు పైతలము సీసము కరగుటకు ముందే కరగుట మొదలిడునని 1985లో హాలెండునందు కొలిచి చూపిరి.

ఎందుచేత నిట్లగును? మంచులోపలి ప్రతి నీటియణువును తన చుట్టునున్న నాలుగు అణువులను పట్టుకొని నిలుచును. అంచుననున్న యణువునకు వెలుపలివైపున పట్టుకొనుటకు తోడు లేదు. నలుగురి చేతులు పట్టినవాడు త్రోపిడిలో కదలడు. ఒకచేయి గాలిలో నున్నవాడు ఊగిసలాడును. కావున లోపలి యణువులు ఇంకను వరుస తప్పక నిలిచియుండగనే, అంచునందలివి సున్నకు దిగువనే పట్టు సడలించుకొనును. జర్మనీదేశపు మైన్జు నగరమున పనిచేయు శాస్త్రజ్ఞులు 2017లో ప్రకటించిన పరిశోధననుబట్టి, సున్నకు దిగువ సుమారు 16 డిగ్రీలయొద్ద ఈ సడలుట యొక వరుసనుండి రెండవ వరుసకు దిగును. ఈ పొర దళసరి పద్ధతినిబట్టి వేఱువేఱుగా కొలువబడినను, కరగుస్థానము సమీపించినప్పుడు కొన్ని నానోమీటర్లు మొదలుకొని యుండును. నానోమీటరనగా మీటరులో నూఱుకోట్లవ వంతు; మన తలవెండ్రుక దళసరి యిట్టివి ఏబదివేలకు మించియుండును. ఈ పొర పూర్తిగా నీరును గాదు, పూర్తిగా మంచును గాదు; అర్ధద్రవమందుము. 2012లో సప్పోరో నగరమందలి హొక్కైడో విశ్వవిద్యాలయమువారు దీనిని సూక్ష్మదర్శినిలో కంటికి చూపిరి. చిన్నబిందువులుగా నొకరూపమును, పలుచని పొరగా వేఱొకరూపమును, ఇట్లు రెండు తెఱగుల నది యగపడెను. ఫారడే ఊహించిన 162 సంవత్సరములకు సాక్షి ప్రత్యక్షముగా బోనెక్కినట్లయ్యెను.

ఇంత పలుచనిది యేమి చేయగలదని తలపకుడు. చలిదేశములలో శీతకాలమున నేల ఉబ్బి బాటలను పగుల్చును, ఇండ్ల పునాదుల నెత్తును. నీరు గడ్డకట్టునప్పుడు పెరుగుటచేతనే యిట్లగునని చాలకాలము నమ్మిరి. అమెరికాలో స్టీఫెన్ టేబరు అను పండితుడు నీటికి బదులు, గడ్డకట్టునప్పుడు కుంచించుకొనిపోవు బెంజీను ద్రవముతో మట్టిని తడిపి చల్లబఱచి చూచి, అప్పుడును మట్టి ఉబ్బునని 1930లో ప్రకటించెను. మంచునకును మట్టిరేణువునకును నడుమ గడ్డకట్టక నిలిచిన పలుచని పొరయే క్రిందినుండి నీటిని లాగికొని వచ్చి మంచును పెంచుచు నేల నెత్తుచున్నది.

ఇక రెండవ సంగతి వినుడు. కరగుట యంచున మొదలగునట్లే, పెరుగుటయు నంచుననే జరుగును. 1611లో కెప్లరు అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు మంచుపువ్వునకు ఎల్లప్పుడు ఆఱుకోణములే యేల యని ప్రశ్నించి చిన్నపుస్తకము వ్రాసి, తనకు పూర్తిగా సమాధానము దొరకలేదని యొప్పుకొనెను. గ్రహగతులను కనిపెట్టినవాడు ఒక మంచురేకుయెదుట తన యజ్ఞానమును దాచుకొనలేదు. నీటియణువులు నాలుగేసి చేతులతో కలియునప్పుడు ఆఱేసి యణువుల వలయములుగా నల్లుకొనుటయే దానికి కారణమని యెక్సురేకిరణముల సాయమున 20వ శతాబ్దమున తెలిసినది.

గాలిలోని యావిరి యణువు మంచుముఖముపై వ్రాలినప్పుడేమగును? ఆ ముఖము మిక్కిలి నునుపైనచో, నిలుచుటకు ఆధారము కనబడక యది కొంతసేపు తిరుగాడి మఱల గాలిలోనికి పోవును. అక్కడ నసంపూర్ణమైన వరుస యొకటి, మెట్టువలె, ఉన్నయెడల ఆ మెట్టు మూలను కుదురుకొనును. అట్టి మెట్ల యెత్తు 0.37 నానోమీటరు, సప్పోరోవారే 2010లో వీని కదలికను కనిపెట్టి చూపిరి. గరుకైన చోట్లు త్వరగా నిండిపోవును; మెట్లులేని ముఖములు వెనుకబడి నిలిచిపోవును. కాబట్టి స్ఫటికమున మనము చూచి మెచ్చు నిగనిగలాడు ముఖములు అన్నిటికంటె మందముగా పెరుగుచున్నవి. ఈ సంగతి చదివిన రాత్రి పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. సభలలో మెప్పుపొందిన నా వాదపటిమ యట్టి నిగనిగయే గదా! ఒక బాలిక ప్రశ్న దానిపై వ్రాలి, కాలూనుటకు చోటుగానక లేచిపోయినది.

1936లో నకాయా పండితుడే కుందేటి వెండ్రుకపై మొట్టమొదటి కృత్రిమ హిమస్ఫటికమును పెంచెను. చలిని, తేమను మార్చిచూడగా, సున్నకు దిగువ 2 డిగ్రీలయొద్ద పలుచని రేకులును, 5 డిగ్రీలయొద్ద సూదులును, 15 డిగ్రీలయొద్ద కొమ్మలుగల నక్షత్రములును, ఇంకను దిగువకు పోగా మఱల కంబములును కలిగెను. అణువు మాఱలేదు, లోపలి యల్లిక మాఱలేదు. అంచు నడవడి మాత్రము మాఱినది. అంచునందలి సడలుటయే యీ మార్పునకు మూలమని 1982లో కురోదా, లాక్మన్ అనువారు వాదించిరి. ఆ వాదమింకను పూర్తిగా తీఱలేదు. తీఱనిదానిని తీఱినదని చెప్పుట సత్యప్రియులకు తగదు.

ఆఱుకొమ్మలు ఒక్కతీరున నుండుటచూచి, అవి యొకదానితోనొకటి సంప్రదించుకొన్నవా యని యాశ్చర్యపడుదుము. అట్లు గాదు. మూలలు వెలుపలికి చొచ్చుకొనియుండుటచేత వానికి ఆవిరి యెక్కువగా దొరకి కొమ్మలగును. ఆఱును ఒకే గాలిలో ఒకే దారిని పయనించుటచేత ఒకేతీరున పెరుగును. అయినను అన్నియు నట్టి సౌష్ఠవము గలవి కావు. అమెరికాదేశపు వెర్మాంటు రాష్ట్రమున విల్సన్ బెంట్లీ యను కర్షకుడు 1885 మొదలు 5000లకు పైగా మంచుపువ్వుల ఛాయాపటములు తీసెను. ఆయన చక్కనివానిని ఏఱి తీసినవే మనము చూచుచున్నాము. ఆకాశమునుండి రాలువానిలో వంకరలు, విఱిగినవే తఱచు. ఏఱి తెచ్చిన సాక్షులను మాత్రమే విని తీర్పు చెప్పరాదు.

ఇది దూరదేశపు ముచ్చటయని తలపకుడు. మన కృష్ణాగోదావరీ తీరములందు మంచు కురియదు. అయినను కొన్ని రాత్రులు చంద్రునిచుట్టు గుడికట్టుట మీరందఱును చూచినదే. అది ఎత్తైన పలుచని మేఘములలోని ఆఱుపలకల మంచుస్ఫటికముల పని. వెన్నెల యొకముఖమున చొచ్చి, దానికి 60 డిగ్రీల వాలున నున్న వేఱొక ముఖమునుండి వెలువడునప్పుడు కనీసము 22 డిగ్రీలు వంగును. అందుచేతనే యా వలయము చంద్రునికి ఎల్లప్పుడు అంతదూరముననే కనబడును. వరాహమిహిరుని బృహత్సంహితలో పరివేషములకు ఒక యధ్యాయమే యున్నది. వాని రంగులనుబట్టి రాజులకును ప్రజలకును కలుగు ఫలములు చెప్పబడినవి. ఆయన శ్రద్ధగా ఆకాశమును చూచినవాడగుటచేత పూజ్యుడు. కాని ఆ గుడిలో రాజుల మరణము వ్రాయబడియుండలేదు. వ్రాయబడినది నీటియణువు చేతుల లెక్క. సృష్టికర్త నియమము సప్పోరోలోను, సామర్లకోటలోను ఒక్కటే.

సోదరులారా! ఉపమానము ప్రమాణము కాదని నాకు తెలియును. మంచుగడ్డకు పుణ్యపాపములు లేవు. అయినను దానిని చూచిన పిమ్మట నా భయమొకటి తొలగినది. పిన్నలను ప్రశ్నింపనిచ్చిన యెడల గృహమర్యాద కరగిపోవునని వెఱచువాడను. మంచుగడ్డ యంచున అణువులు నిరంతరము సడలుచు, వచ్చుచు, పోవుచునుండును. లోపలి యాఱుకోణముల వరుస చెదరదు. ఆ యంచు సడలియుండుటచేతనే రెండు గడ్డలు కలియగలవు. ఆ యంచున నింకను నిండని మెట్టుండుటచేతనే క్రొత్తయణువునకు చోటు దొరకును. మన కుటుంబములును, మన సంఘములును లోపల ధర్మమున గట్టిగను, అంచున వినుటకు మెత్తగను ఉండలేవా? నిండని మెట్టును చూపినవారిని కసరుట మన గౌరవమునకు రక్షణమా, మన పెరుగుదలకు అంతమా? ఇది మీరు మీ యిండ్లలో, మీ భోజనపంక్తులలో విచారించుకొనవలసిన వ్యాజ్యము.

మఱుసటి యాదివారము నేను ఆ బంధువులనే మఱల పిలిచితిని. గాజుపాత్రలో నీరు పోయించి, రెండు మంచుముక్కలకు దారములు కట్టి నీటిలో ముంచి, నా కొమార్తెను పిలిచి, “అమ్మా! ఆనాడు నీవడిగిన ప్రశ్న సరియైనది, నేను చెప్పిన సమాధానము తప్పు, నిన్ను కసరుట యంతకంటె పెద్ద తప్పు” అని యందఱు వినుచుండగా చెప్పితిని. ఈ మాట చెప్పుటకు నాకెంత కష్టమైనదో చెప్పిన మీరు నవ్వుదురు. ఆమె కొంతసేపు నాముఖమును చూచి, పిమ్మట ముక్కలను మెల్లగా తాకించినది. అతుకుకొన్నవి. విడదీసి మఱల తాకించినది. అప్పుడును అతుకుకొన్నవి. తరువాత నాచేయి పట్టుకొని, “ఉప్పునీటిలో నయిన నేమగును, నాన్నగారూ?” అని యడిగినది. నాకు తెలియదని చెప్పి, ఉప్పు తెప్పించితిని.

సత్యస్వరూపుడవైన పరమేశ్వరా! నీవు మంచురేకున వ్రాసిన నియమమును చదువుటకు మాకు ఓర్పునిమ్ము. తప్పు చెప్పిన నాలుకకు తప్పని యొప్పుకొను బలము నిమ్ము. మా బిడ్డల ప్రశ్నలయందు నీ పిలుపును గుర్తించు చెవులను మాకిమ్ము.